డోగన్‌లకు సిరియస్ రహస్యం ఎవరు చెప్పారు? ఒక గ్రహాంతర కథలో చిక్కుకున్న ఆఫ్రికా సంప్రదాయం

2025 ఏప్రిల్‌లో కే2-18బీ అనే గ్రహం వార్తల్లోకి వచ్చింది. మనకు 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ గ్రహ వాతావరణంలో, భూమ్మీద సముద్ర జీవుల వల్ల పుట్టే ఒక వాయువు ఆనవాళ్లు జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌కు దొరికి ఉండొచ్చని కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తల బృందం చెప్పింది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ దాని వెంటే ఒక పాత కథ కూడా వీడియోల రూపంలో తిరుగుతుంది. పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశంలో డోగన్ అనే ప్రజలున్నారు, సిరియస్ పక్కన కంటికి కనిపించని నక్షత్రం ఒకటి ఉందని టెలిస్కోప్ లేకుండానే వాళ్లకు తెలుసు, ఆ సంగతి ఆకాశం నుంచి దిగివచ్చినవాళ్లు చెప్పారు, కాబట్టి గ్రహాంతరవాసులు ఉన్నట్టే అన్నది ఆ కథ.

ఇందులో మూడు వేరువేరు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. భూమికి ఆవల జీవం ఉండే అవకాశం ఉందా? డోగన్‌లకు నిజంగా ఏం తెలుసు, ఎలా తెలుసు? వాళ్ల సంప్రదాయం విలువను దేన్ని బట్టి చూడాలి? మొదటిదానికి ఇంకా జవాబు లేదు. రెండోదానికి చాలావరకు ఉంది. మూడోదాన్ని అడిగేవాళ్లే తక్కువ, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది మాత్రం అదే.

ఆకాశంలో సిరియస్ సంగతి

రాత్రి ఆకాశంలో అన్నిటికన్నా ప్రకాశవంతమైన నక్షత్రం సిరియస్. మన పుస్తకాల్లో మృగవ్యాధుడు, లుబ్ధకం అన్న పేర్లు కనిపిస్తాయి. మన నుంచి 8.6 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే అక్కడి వెలుగు మనల్ని చేరడానికి 8.6 ఏళ్లు పడుతుంది.

1844లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెస్సెల్, సిరియస్ తిన్నగా కదలకుండా కాస్త ఊగుతూ పోతోందని గమనించి, పక్కన కనిపించని తోడు ఒకటి దాన్ని లాగుతూ ఉండాలన్నాడు. 1862లో అమెరికాలో ఆల్వన్ గ్రాహమ్ క్లార్క్ కొత్త టెలిస్కోప్ కటకాన్ని పరీక్షిస్తుండగా ఆ తోడు కంటపడింది. దాని పేరు సిరియస్ బి. పెద్ద నక్షత్రంతో జంటగా ఒక చుట్టు తిరగడానికి దానికి సుమారు 50 ఏళ్లు పడుతుంది. 1915లో వాల్టర్ ఆడమ్స్ దాని వెలుగును విశ్లేషించాక విచిత్రమైన సంగతి బయటపడింది. దాని బరువు దాదాపు సూర్యుడంత, సైజు మాత్రం భూమికన్నా కాస్త చిన్న. ఇలాంటి నక్షత్రాన్ని శ్వేత కుబ్జం అంటారు. ఇంధనం అయిపోయాక కుంచించుకుపోయిన నక్షత్రపు గుండె అది. అక్కడి పదార్థం ఒక టీస్పూన్ తీసుకుంటే పది టన్నులు దాటుతుంది.

మామూలు కంటికి అది కనిపిస్తుందా? లెక్క వేసి చూద్దాం. నక్షత్రాల ప్రకాశాన్ని కొలిచే పద్ధతిలో అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. చీకటి రాత్రి మంచి చూపున్నవాళ్లకు 6 దాకా కనిపిస్తాయి. సిరియస్ బి ప్రకాశం 8.4. అంటే కంటికి ఆనే హద్దుకన్నా తొమ్మిది రెట్లు మసక. పైగా పక్కనున్న సిరియస్ దానికన్నా సుమారు 9 వేల రెట్లు ప్రకాశవంతం. రెండిటి మధ్య ఎడం ఆకాశంలో మహా అయితే సుమారు 11 ఆర్క్ సెకండ్లు (ఒక డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకండ్), మన కన్ను విడదీసి చూడగలిగేది దాదాపు 60 ఆర్క్ సెకండ్లు. పెళ్లిలో చూపించే అరుంధతి, వసిష్ఠుల మధ్య 700 ఆర్క్ సెకండ్లకు పైగా ఎడం ఉంటుంది కాబట్టి ఆ రెండూ విడివిడిగా కనిపిస్తాయి. సిరియస్ బి విషయంలో ఎంత చురుకైన కన్నయినా చాలదు. ఈ కథకు ఇంత బలం వచ్చింది ఇక్కడే. కంటికి ఆనని నక్షత్రం గురించి డోగన్‌లు చెప్పారంటే ఆ సమాచారం ఎక్కడి నుంచో వచ్చి ఉండాలి.

డోగన్‌లు చెప్పారని ఎవరు రాశారు?

మాలి మధ్యభాగంలో బండియాగరా అనే ఇసుకరాతి కొండ అంచు 150 కిలోమీటర్ల మేర సాగుతుంది. దాని పైనా, వాలులోనా, కింది మైదానంలోనా డోగన్‌ల ఊళ్లున్నాయి. జొన్న, సజ్జ, ఉల్లి పండిస్తారు. 1931లో ఫ్రెంచ్ మానవశాస్త్రవేత్త మార్సెల్ గ్రియోల్ అక్కడికి మొదటిసారి వెళ్లాడు. 1946లో ఒగొతెమ్మెలి అనే చూపులేని ముసలి వేటగాడు ఆయన్ని కూర్చోబెట్టుకుని 33 రోజులు తమ సృష్టి కథ చెప్పాడు. అమ్మ అనే సృష్టికర్త, నీళ్లతో ముడిపడిన నొమ్మో అనే కవల ఆత్మలు, మాట, నేత, సాగు మనుషులకు ఎలా అందాయన్న వివరాలు అందులో వచ్చాయి. (ఈ అమ్మ మన అమ్మ కాదు, పేరు మాత్రమే అలా కలిసింది.) ఆఫ్రికాలో తత్వచింతన లేదని నమ్మిన ఆనాటి యూరప్‌ను ఆ సంభాషణలు కుదిపేశాయి.

సిరియస్ సంగతి ఆ 33 రోజుల్లో రాలేదు. అది 1950లో గ్రియోల్, ఆయన సహచరి జెర్మెన్ డీటర్లెన్ ప్రచురించిన ఒక వ్యాసంలో కనిపిస్తుంది. దానికి ఆధారం ప్రధానంగా నలుగురు డోగన్ పెద్దలు చెప్పిన మాటలు. ఆ వ్యాసం ప్రకారం సిరియస్‌కు పో తోలో అనే తోడు ఉంది. పో అంటే ఫోనియో, ఆవగింజ కన్నా చిన్నగా ఉండే చిరుధాన్యం. తోలో అంటే చుక్క. అది అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా బరువైనది, 50 ఏళ్లకోసారి తిరుగుతుంది, లోకంలోని జీవులన్నీ కలిసినా ఎత్తలేని లోహంతో చేసింది. మూడో నక్షత్రం కూడా ఒకటి ఉంది. గ్రియోల్, డీటర్లెన్ ఇదంతా రాశారు గానీ ఆకాశం నుంచి ఎవరో వచ్చి చెప్పారని ఎక్కడా అనలేదు.

ఆ మాట అన్నది 1976లో రాబర్ట్ టెంపుల్ అనే రచయిత. నొమ్మోలు నిజానికి సిరియస్ ప్రాంతం నుంచి వచ్చిన ఉభయచర జీవులని, ఆ జ్ఞానం ప్రాచీన ఈజిప్టు, బాబిలోన్‌ల మీదుగా డోగన్‌లకు చేరిందని ఆయన పుస్తకం రాశాడు. ఇప్పుడు తిరిగే వీడియోలన్నిటికీ మూలం అదే.

తేదీలు పక్కపక్కన పెడితే

1950లో నమోదైన సమాచారాన్ని అప్పటి యూరప్ ఖగోళ జ్ఞానంతో పోల్చి చూడాలి. 50 ఏళ్ల పరిభ్రమణం 19వ శతాబ్దంలోనే తెలుసు. బరువు సంగతి 1920ల్లో పత్రికలకెక్కిన సంచలనం. పో తోలో అన్నిటికన్నా బరువైన చుక్క అన్నది ఆ సంచలనాన్నే గుర్తుచేస్తుంది. 1967లో కనుక్కున్న, అంతకన్నా ఎన్నో రెట్లు దట్టమైన న్యూట్రాన్ నక్షత్రాల ముందు సిరియస్ బి దూదిపింజ లాంటిది. నక్షత్రాల మధ్య ప్రయాణించగలిగినవాళ్లే చెప్పి ఉంటే ఆ తేడా వాళ్లకు తెలియకుండా ఉంటుందా?

మూడో నక్షత్రం మరీ ఆసక్తికరం. 1920ల్లో కొందరు ఖగోళ శాస్త్రవేత్తలు సిరియస్ దగ్గర ఇంకో చుక్క కనిపించినట్టు రాశారు. తర్వాత అది రుజువు కాలేదు. హబుల్ టెలిస్కోప్ ఏళ్ల తరబడి తీసిన చిత్రాలను కలిపి 2017లో ప్రచురించిన విశ్లేషణలోనూ మూడో నక్షత్రం జాడ లేదు. టెంపుల్ పుస్తకంలో డోగన్‌లకు గురుగ్రహపు నాలుగు చంద్రుల గురించీ తెలుసని ఉంది. చిన్న టెలిస్కోప్‌లో కనిపించేవి ఆ నాలుగే. ఇప్పుడు తెలిసినవి 90కి పైగా ఉన్నాయి. నిజాలే కాదు, ఆనాటి యూరప్ పొరపాట్లు, పరిమితులు కూడా ఈ సమాచారంలో అలాగే ఉన్నాయి. పరీక్షలో ఇద్దరు పిల్లల సరైన జవాబులు కలిస్తే ఏమీ తేలదు గానీ, తప్పులు కూడా కలిస్తే ఎవరి పేపర్ ఎవరు చూశారన్న అనుమానం రాక తప్పదు.

మరి యూరప్ సమాచారం బండియాగరాకు ఎలా చేరింది? అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ 1970ల చివర్లో ఇచ్చిన వివరణ సూటిగా ఉంటుంది. బయటివాళ్లతో పరిచయంలోనే చేరి ఉంటుందన్నాడు. ఫ్రెంచ్ సేనలు 1893లోనే బండియాగరా చేరాయి. గ్రియోల్ రాకముందే అక్కడికి అధికారులు, మిషనరీలు వచ్చిపోయారు, ఫ్రెంచ్ సైన్యంలో చేరి తిరిగొచ్చిన స్థానికులూ ఉన్నారు. అదే 1893 ఏప్రిల్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు సెనెగల్‌కు వచ్చారు. ఫలానా మనిషి ఫలానా రోజున చెప్పాడని ఎవరూ చూపించలేదు, ఆ లోటు ఈ వాదనలో ఉంది. అయితే దీనికి కావలసింది మనుషులు మనుషులతో మాట్లాడటం మాత్రమే. టెంపుల్ వాదనకు నక్షత్రాల మధ్య ప్రయాణం కావాలి.

మళ్లీ వెళ్లి అడిగితే

డచ్ మానవశాస్త్రవేత్త వాల్టర్ వాన్ బేక్ గ్రియోల్ పనిచేసిన ప్రాంతంలోనే ఏళ్ల తరబడి ఉండి పరిశోధించి, 1991లో తన ఫలితాలు ప్రచురించాడు. సిరియస్‌కు తోడు ఉందన్న మాట మామూలు డోగన్‌లకు తెలియదు. గ్రియోల్ సిరియస్‌కు డోగన్ పేరుగా రాసిన సిగి తోలో అనే చుక్క గురించి మాట్లాడేవాళ్లున్నారు గానీ అది ఏ చుక్క అంటే ఒకరి మాట ఒకరికి కలవలేదు. ఒకరు శుక్రుడన్నారు. అరవై ఏళ్లకోసారి వచ్చే సిగి అనే పండగకు ముందు ఉదయించాల్సిన, కంటికి కనపడని చుక్క అని ఇంకొందరన్నారు. ఆ చుక్క సంగతి తమకు గ్రియోల్ వల్లే తెలిసిందని మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

గ్రియోల్ అబద్ధం రాశాడని దీని అర్థం కాదు. వాన్ బేక్ ఉద్దేశంలో, తెలుసుకోవాలనే ఆత్రంతో పదే పదే అడిగే ఒక పరిశోధకుడు, ఆయన్ని నొప్పించడం ఇష్టంలేని తెలివైన పెద్దలు, మధ్యలో అనువాదకులు, వీళ్లంతా కలిసి కూర్చున్నప్పుడు కొత్త కథ ఒకటి పుట్టింది. ప్రశ్న అడిగే తీరులోనే సగం జవాబు ఉంటుందని ఊళ్లలో సర్వే చేసిన ఎవరికైనా తెలుసు.

గ్రియోల్ పక్షాన ఉన్నవాళ్ల మాటకూ బరువుంది. ఆయన కూతురు, తానూ డోగన్ భాష మీద జీవితమంతా పనిచేసిన జనవియెవ్ కలామ్-గ్రియోల్, వాన్ బేక్‌కు గట్టిగా జవాబిచ్చింది. డోగన్ జ్ఞానంలో అంతస్తులున్నాయి, లోతైన మాట కొద్దిమంది పెద్దలకే, అదీ ఏళ్ల నమ్మకం కుదిరాకే అందుతుంది, నలభై ఏళ్ల తర్వాత వెళ్లి అందరినీ అడిగితే తెలియదనే అంటారన్నది ఆ వాదన సారం. రహస్య జ్ఞానం ఉన్న సమాజాల్లో ఇలా జరగడం సహజమే. గ్రియోల్‌కూ డోగన్‌లకూ మధ్య అనుబంధం కూడా ఉత్తుత్తిది కాదు. 1956లో ఆయన చనిపోతే తమ ఆచారం ప్రకారం అక్కడ అంత్యక్రియలు జరిపారు. కానీ ఆ రహస్య జ్ఞానం ఎంత పాతదో ఈ వాదన చెప్పలేదు. 1930కి ముందు సిరియస్ తోడు గురించి డోగన్‌ల దగ్గర నమోదైన ఆధారం ఒక్కటి దొరికినా చర్చ మారిపోయేది. అలాంటిది దొరకలేదు.

ఇక్కడ బెనిన్ దేశపు తత్వవేత్త పౌలిన్ హూంటోంజీ వేసిన ప్రశ్న కూడా గుర్తుచేసుకోవాలి. ఒక జాతి మొత్తానికి ఒకే ఆలోచన అంటగట్టడాన్ని ఆయన తప్పుబట్టాడు. డోగన్‌లు ఇలా నమ్ముతారు అని రాసిన చోటల్లా, నిజానికి మాట్లాడింది ఒక పేరున్న మనిషి, సొంతంగా ఆలోచించగలిగిన మనిషి. ఒగొతెమ్మెలి ఒక గొప్ప ఆలోచనాపరుడు కావచ్చు, ఆయన చెప్పినదంతా ఊరందరి మాట కానక్కర్లేదు. నాకు ఈ మాట చాలా న్యాయంగా అనిపిస్తుంది.

సిరియస్ దగ్గర ఎవరైనా బతకగలరా?

చర్చంతా పక్కనపెట్టి నేరుగా ఆకాశాన్నే అడగొచ్చు. సిరియస్ వయసు సుమారు 24 కోట్ల ఏళ్లు, భూమిది 454 కోట్ల ఏళ్లు. భూమ్మీద అతి సూక్ష్మ జీవుల దశ నుంచి కంటికి కనిపించే జంతువుల దాకా రావడానికే దాదాపు 300 కోట్ల ఏళ్లు పట్టింది. 24 కోట్ల ఏళ్లలో అంతరిక్ష నౌకలు కట్టే జీవులు తయారవడం మనకు తెలిసిన జీవశాస్త్రానికి అందదు.

ఇంకో చిక్కు ఉంది. ఇప్పుడు శ్వేత కుబ్జంగా ఉన్న సిరియస్ బి ఒకప్పుడు సూర్యుడికి అయిదు రెట్ల బరువున్న నక్షత్రం. 12 కోట్ల ఏళ్ల కిందట అది ఉబ్బి ఎర్రటి రాక్షస నక్షత్రమై, పై పొరలు వదిలేసి చచ్చిపోయింది. చుట్టుపక్కల ఏ గ్రహం ఉన్నా దానికి ఆ మంట తప్పేది కాదు. పెద్ద సిరియస్ సూర్యుడికన్నా 25 రెట్లు ఎక్కువ వెలుగుతుంది కాబట్టి, నీళ్లు నీళ్లుగా ఉండాలంటే గ్రహం దానికి భూమి-సూర్యుల దూరానికి అయిదు రెట్లు దూరంలో తిరగాలి. సిరియస్ బి తన దారిలో ఎనిమిది రెట్ల దూరం దాకా దగ్గరికొస్తుంది. దాని లాగుడుకు ఆ గ్రహం తన దారిలో నిలబడలేదు. జీవం కోసం వెతకడానికి విశ్వంలో ఎన్నో చోట్లున్నాయి గానీ సిరియస్ ఆ వరసలో చివర ఉంటుంది.

ఆధారం అంటే ఏమిటి?

ఇంతమాత్రాన గ్రహాంతర జీవం అసాధ్యమని తేలదు. 1995లో సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ తిరిగే మొదటి గ్రహాన్ని కనుక్కున్నాక, 2025 నాటికి ఇలాంటి గ్రహాల లెక్క 6 వేలు దాటింది. ఎక్కడో ఒకచోట సూక్ష్మజీవులైనా ఉండొచ్చని చాలామంది శాస్త్రవేత్తలు అనుకుంటారు. జీవం ఉండటం, బుద్ధిజీవులు ఉండటం, వాళ్లు ఇక్కడికి రావడం మూడూ ఒకటి కాదు. మొదటిదానికి ఉన్న అవకాశాన్ని మూడోదానికి రుజువుగా చూపించడమే ఆ వీడియోల్లో జరిగేది.

కే2-18బీ విషయంలో ఏం జరిగిందో చూడండి. కేంబ్రిడ్జ్ బృందమే తమ ఫలితం యాదృచ్ఛికం కాదనడానికి మూడు సిగ్మాల నమ్మకం ఉందని, కొత్తది కనుక్కున్నామని ప్రకటించడానికి అయిదు సిగ్మాలు కావాలని చెప్పింది. మూడు సిగ్మాలంటే అలాంటి సంకేతం ఊరికే వచ్చే అవకాశం వెయ్యిలో మూడు వంతులు, అయిదంటే పది లక్షల్లో ఒకటికన్నా తక్కువ. తర్వాత అదే డేటాను వేరే బృందాలు వేరే పద్ధతుల్లో చూసి, ఆ వాయువు ఉందని చెప్పలేమన్నాయి. అందరి ముందూ పెట్టిన డేటాకే ఇంత పరీక్ష ఉంటే, 1950లో నలుగురు చెప్పారని రాసిన మాటకు ఎంత పరీక్ష ఉండాలి? మన పురాణాల్లో ఫలానా శాస్త్రం ముందే ఉందని తిరిగే మెసేజ్‌లకూ ఇదే కొలత.

గ్రహాంతరవాసులు లేకుండా డోగన్ సంప్రదాయం

ఆఫ్రికాలో గొప్పది ఏది కనిపించినా దాన్ని కట్టింది, కనిపెట్టింది మరొకరని చెప్పడం కొత్త కాదు. గ్రేట్ జింబాబ్వే రాతి నగరాన్ని చూసిన వలస పాలకులు అది మధ్యధరా తీరపు ఫినీషియన్లదో, బైబిల్ కథల్లోని షెబా రాణిదో అన్నారు. 1905లో రాండల్ మెకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్-థాంప్సన్ తవ్వి చూసి, అది స్థానిక ఆఫ్రికన్లే కట్టుకున్న నగరమని తేల్చారు. ఇప్పటి షోనా ప్రజల పూర్వీకుల పని అది. టెంపుల్‌కు చెడు ఉద్దేశం ఉందని నేననను. ఆ వాదన ఫలితం మాత్రం అదే, డోగన్‌లు ఎవరో చెప్పింది మోసుకొచ్చినవాళ్లుగా మిగిలిపోతారు.

డోగన్‌ల దగ్గర నిజంగా ఏముందో చూద్దాం. ఊరి మధ్య టోగునా అనే పెద్దల మండపం ఉంటుంది. ఎనిమిది స్తంభాలు, వాటి మీద సజ్జ దంట్లు మందంగా పేర్చిన కప్పు. ఎత్తు ఎంత తక్కువంటే లోపల కూర్చోవాల్సిందే, నిటారుగా నిలబడటానికి వీలుండదు. వాదన ముదిరి కోపంతో ఎవరైనా చటుక్కున లేస్తే తల కప్పుకు తగులుతుంది. తీర్పు చెప్పే చోట కోపాన్ని ఎలా అదుపులో పెట్టాలో ఆలోచించి కట్టిన కట్టడం ఇది.

ఇక సిగి. అరవై ఏళ్లకోసారి వచ్చే ఈ పండగ యూగో అనే ఊళ్లో మొదలై, ఏడేళ్ల పాటు ఊరి నుంచి ఊరికి సాగుతుంది. మొదటి పూర్వీకుడు చనిపోయి పాముగా మారిన జ్ఞాపకంగా మగవాళ్లు పాములా మెలికలు తిరిగే వరసలో నడుస్తారు. దానికోసం ఒకే చెట్టు మొదలులో పెద్ద ముఖోటా చెక్కుతారు, అది కొన్ని మీటర్ల పొడవుంటుంది. ఎంపికైన కొందరు సిగి సో అనే ప్రత్యేక భాష నేర్చుకుంటారు. అరవై ఏళ్లంటే ఒక మనిషి పెద్దయ్యాక ఒక్కసారే చూడగలడు. రాత లేకుండా ఒక తరం చేసింది మనవల తరానికి అందాలంటే ఎంత ఏర్పాటు కావాలో ఆలోచించండి. సిగి భాష, ముఖోటాలు, వరస తప్పని ఊళ్ల జాబితా, అన్నీ ఆ ఏర్పాటులో భాగాలే.

ప్రభవ నుంచి అక్షయ దాకా 60 సంవత్సరాలు లెక్కపెట్టుకుని షష్టిపూర్తి చేసుకునే మనకు సిగి వెంటనే దగ్గరగా అనిపిస్తుంది. ఇద్దరికీ ఒకే గురువు ఉన్నాడని అనుకోవాలనిపించడమూ సహజం. కానీ 60 చాలా అంకెలతో భాగించబడే సులువైన సంఖ్య, మనిషి జీవితానికి సరిపడే కాలం, రెండు చోట్లా విడివిడిగా పుట్టడానికి ఆ కారణాలే చాలు. సిరియస్ బి చుట్టు 50 ఏళ్లు, సిగి 60 ఏళ్లు అన్న తేడాను కూడా ఆ వీడియోలు చెప్పవు.

ఆకాశాన్ని చూసిన ఆఫ్రికా గురించి తెలుసుకోవాలంటే సిరియస్ బి అవసరం లేదు. దక్షిణాఫ్రికాలో ఖోసా ప్రజలు కృత్తికలను ఇసిలిమెలా అంటారు. తెల్లవారుజామున అవి మళ్లీ కనిపిస్తే సాగు మొదలు. ఉపనయనంలాంటి దీక్ష పూర్తయిన మగవాళ్లు తమ వయసును ఇసిలిమెలాలతో లెక్కపెట్టుకునేవారు. అదే దేశంలో, కరూ ఎడారి ప్రాంతంలో 64 డిష్‌ల మీర్‌క్యాట్ రేడియో టెలిస్కోప్ 2018 నుంచి పనిచేస్తోంది. ఇతర పరిశోధనలతో పాటు బుద్ధిజీవుల నుంచి రేడియో సంకేతాలేమైనా వస్తున్నాయేమో కూడా దాంతో వెతుకుతున్నారు.

గత సిగి 1967లో మొదలై 1973లో ముగిసింది. ఫ్రెంచ్ దర్శకుడు ఝాన్ రూష్, డీటర్లెన్ కలిసి దాన్ని చిత్రీకరించారు. లెక్క ప్రకారం వచ్చే సిగి 2027లో మొదలవ్వాలి. అయితే మాలిలో 2012 నుంచి సాగుతున్న సంఘర్షణ బండియాగరా దాకా పాకింది. సాయుధ ముఠాల దాడుల్లో అక్కడ డోగన్ ఊళ్లు, ఫులాని అనే పొరుగు ప్రజల ఊళ్లు రెండూ తగలబడ్డాయి, వేలమంది ఇళ్లు వదిలి వెళ్లిపోయారు. ఏడేళ్లు ఊరూరా నడవాల్సిన పండగకు ముందు దారులు తెరుచుకోవాలి, సిగి సో తెలిసిన పెద్దలు బతికుండాలి, ముఖోటాలు చెక్కేవాళ్లు తమ ఊళ్లలో ఉండగలగాలి. డోగన్‌ల గురించి నిజంగా అడగాల్సిన ప్రశ్నలు ఇప్పుడు ఇవి.